పారిస్-బ్రెస్ట్-పారిస్: 80, 84, 90 గంటల్లో ఏ గడువు మేలు?

ఫ్రాన్స్‌లో పారిస్ ప్రాంతం నుంచి పడమటి తీరాన ఉన్న బ్రెస్ట్ దాకా వెళ్లి తిరిగి వచ్చే పారిస్-బ్రెస్ట్-పారిస్ సైకిల్ యాత్రకు పేరు నమోదు చేసుకునే ప్రతి ఒక్కరూ ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి: దాదాపు 1,200 కిలోమీటర్ల దారిని 80 గంటల్లో ముగిస్తారా, 84 గంటల్లోనా, 90 గంటల్లోనా? మన దేశం నుంచి వెళ్లేవారిలో చాలామంది ఈ ప్రశ్న దగ్గర పెద్దగా ఆగరు. ఎక్కువ సమయం ఇస్తుంటే తక్కువ ఎందుకు అడగాలన్న లెక్కతో 90ని ఎంచుకుని, ఆ తర్వాత గేర్ల గురించీ లైట్ల గురించీ నెలల తరబడి తర్జనభర్జన పడతారు. కానీ ఈ మూడు అంకెల వెనుక బయలుదేరే వేళలు వేరు, తొక్కవలసిన రాత్రుల లెక్క వేరు, దారిలో ఎదురయ్యే రద్దీ వేరు. ఆరు గంటలు అదనంగా దొరికినంత మాత్రాన ఆరు గంటల విశ్రాంతి దొరికినట్లు కాదు.

ఈ యాత్ర 1891లో పియెర్ జిఫార్ అనే పాత్రికేయుడి చొరవతో పందెంగా మొదలైంది. తొలి విజేత షార్ల్ తెరోం 71 గంటల 22 నిమిషాల్లో తిరిగి వచ్చాడు. ఇప్పుడిది పందెం కాదు. ఓడాక్స్ క్లబ్ పారిజియన్ నాలుగేళ్లకొకసారి ఆగస్టులో నిర్వహించే ఈ యాత్రలో గడువులోగా చేరినవారందరూ సమానమే. 2019లోనూ 2023లోనూ పారిస్‌కు నైరుతి దిక్కున ఉన్న రాంబుయే నుంచి ఆరు వేలకు పైగా సైకిళ్లు బయలుదేరాయి; తర్వాతి యాత్ర 2027లో. అర్హత కోసం అదే సీజన్‌లో 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటల్లో, 300ను 20 గంటల్లో, 400ను 27 గంటల్లో, 600ను 40 గంటల్లో పూర్తి చేయాలి. బీఆర్‌ఎంలుగా మన సైక్లిస్టులకు పరిచయమైన ఈ బ్రెవేలను, అంటే గడువులోగా ముగించవలసిన దూర సైకిల్ యాత్రలను, ఓడాక్స్ ఇండియా రాండొనీర్స్ కింద హైదరాబాద్ రాండొనీర్స్ వంటి క్లబ్బులు నడుపుతున్నాయి.

ముందుగా గడియారాన్ని చూద్దాం. 80 గంటల వారు ఆదివారం సాయంత్రం నాలుగింటి ప్రాంతంలో అందరికంటే ముందు కదులుతారు. వారి వెనుక 90 గంటల వారు పావుగంటకొక గుంపుగా చీకటి పడేదాకా బయలుదేరుతూనే ఉంటారు. 84 గంటల వారు మాత్రం ఆ రాత్రి నిద్రపోయి, సోమవారం తెల్లవారుజామున ఐదింటి ప్రాంతంలో మొదలుపెడతారు. ఆదివారం సాయంత్రం ఆరింటికి బయలుదేరిన 90 గంటల సైక్లిస్టుకు గడువు గురువారం మధ్యాహ్నం పన్నెండింటికి ముగుస్తుంది. ఆ మధ్యలో అతడికి నాలుగు రాత్రులు వస్తాయి. సోమవారం ఐదింటికి బయలుదేరినవాడికి గురువారం సాయంత్రం ఐదింటిదాకా సమయం ఉంటుంది, రాత్రులు మూడే. ఆగస్టు చివరి వారాల్లో అక్కడ రాత్రి తొమ్మిదింటికి పొద్దుగూకి, ఉదయం ఏడింటికి తెల్లవారుతుంది కనుక ఒక్కో రాత్రి పది గంటలు. అంటే 90 గంటల వారికి దక్కే ఆరు గంటల కోసం వారు మొత్తం ఒక రాత్రిని చీకటిలో, చలిలో, నిద్ర లేకుండా గడపవలసి వస్తుంది.

మనకు దీనికి తోడు మరో చిక్కుంది. వేసవిలో ఫ్రాన్స్ సమయం మన కంటే మూడున్నర గంటలు వెనుక ఉంటుంది. రెండు మూడు రోజుల ముందు అక్కడికి చేరినవారికి తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తుంది, సాయంత్రం కాగానే కళ్లు మూతలు పడతాయి. అక్కడ ఆదివారం సాయంత్రం ఆరు అంటే మన ఒంటికి రాత్రి తొమ్మిదిన్నర. ఇంట్లో పక్క వేసుకునే వేళకు 1,200 కిలోమీటర్ల ప్రయాణం మొదలుపెడుతున్నామన్న మాట. అదే సోమవారం తెల్లవారుజాము ఐదు మన ఒంటికి ఉదయం ఎనిమిదిన్నర. పైగా మన క్లబ్బుల 600 కిలోమీటర్ల బ్రెవేలు ఎక్కువగా తెల్లవారుజామునే మొదలవుతాయి కాబట్టి, తిండి, నిద్ర, మలవిసర్జన వేళలతో సహా మన అలవాటంతా 84 గంటల వారి వేళకే కుదురుతుంది. వారం ముందే వెళ్లి అక్కడి వేళకు అలవాటుపడగలిగిన వారికి మాత్రం ఈ తేడా అంతగా తెలియదు.

మొదటిసారి ఎక్కడ పడుకుంటామన్నది ఇంకా ముఖ్యమైన విషయం. ఆగిన సమయం కూడా కలుపుకుని గంటకు పదిహేను కిలోమీటర్ల చొప్పున వెళ్లే 90 గంటల సైక్లిస్టు, సుమారు 435 కిలోమీటర్ల దగ్గరున్న లూదెయాక్‌కు సోమవారం రాత్రి పదకొండింటికి చేరుతాడు. ఆదివారం ఉదయం లేచిన మనిషి అప్పటికి నలభై గంటలుగా మేలుకుని ఉంటాడు. ఆ సమయానికి అక్కడికి చేరేది అతడొక్కడే కాదు. ఆదివారం సాయంత్రం బయలుదేరిన వేలమందిలో పెద్ద భాగం అదే రాత్రి అక్కడ భోజనానికీ పడకకూ బారులు తీరుతుంది. పడకలు నిండిపోతే బల్లల కింద, నడవాల్లో, గడ్డి మీద వెండి రంగు రేకు దుప్పటి చుట్టుకుని పడుకోవాలి. 84 గంటల వాడు అదే రోజు తెల్లవారుజామున మూడింటికి లేచి, కొంచెం మెరుగైన వేగంతో అర్ధరాత్రి దాటాక మంగళవారం ఒంటిగంట ప్రాంతంలో 350 కిలోమీటర్ల దగ్గరున్న తింతెనియాక్‌కు చేరి పడుకోగలడు. అప్పటికి అతడు మేలుకుని ఉన్నది ఇరవై రెండు గంటలే. రెండో రోజు దారి మీద తూగిపోయే ప్రమాదం వీరిద్దరిలో ఎవరికి ఎక్కువో చెప్పనక్కరలేదు. అయితే బదులుబట్టల సంచీని చాలామంది లూదెయాక్‌కే పంపించుకుంటారు. 84 గంటల వాడు తింతెనియాక్‌లో పడుకోదలిస్తే మొదటి రాత్రి బట్టలు సైకిల్ మీదే మోసుకుపోవాలి.

ఇక వేగం లెక్క. ఆగిన సమయాన్ని తీసేసి, తొక్కిన గంటలకు మాత్రమే కట్టిన సగటును తొక్కుడు వేగం అనుకుందాం. తొక్కుడు వేగం 20 అయితే 1,200 కిలోమీటర్లకు 60 గంటలు పడుతుంది. మిగిలేవి 90లో 30 గంటలు, 84లో 24, 80లో 20. వేగం 18కి పడిపోతే మిగిలేవి 23 గంటల 20 నిమిషాలు, 17 గంటల 20 నిమిషాలు, 13 గంటల 20 నిమిషాలు. ఇందులోంచే దాదాపు 14 కంట్రోల్‌ల (తనిఖీ కేంద్రాల) దగ్గర ఆగి కార్డు మీద ముద్ర వేయించుకోవాలి, తినాలి, నీళ్లు నింపుకోవాలి. ఒక్కో చోట 40 నిమిషాలు అనుకున్నా తొమ్మిది గంటల పైచిలుకు పోతుంది. 90 గంటల గుంపుకు వెళ్లేటప్పుడు ఏడు చోట్ల రద్దీవల్ల గంటేసి పడుతుందనుకుంటే వారికి పోయేది దాదాపు పదకొండు గంటల 40 నిమిషాలు. ఈ లెక్కన 20 వేగం వారికి నిద్రకు మిగిలేది 84లో పద్నాలుగున్నర గంటలు, 90లో పద్దెనిమిది. తేడా ఆరు గంటల నుంచి మూడున్నరకు తగ్గిపోయింది, పైగా ఆ పద్దెనిమిదిని నాలుగు రాత్రులకు సర్దుకోవాలి. టైర్ పంక్చర్లకూ దారి తప్పడానికీ కొంత పక్కన పెట్టినా పద్నాలుగున్నర సరిపోతుంది. 18 వేగం వారికి 84లో ఎనిమిదే మిగులుతాయి. మూడు రాత్రులకు అది చాలా ఇరుకు. ఒక్క ఎదురుగాలి రోజు చాలు, అంతా కరిగిపోవడానికి. వారికి 90 తప్ప వేరే దారి లేదు, రద్దీ ఉన్నా సరే.

ఇక్కడ మన జాతీయ రహదారి మీద వచ్చే సగటును అక్కడికి మోసుకుపోకూడదు. బ్రెస్ట్ ఉన్న బ్రిటనీ ప్రాంతపు దారిలో పెద్ద కొండలేమీ లేవు. బ్రెస్ట్‌కు ముందు వచ్చే రోక్ ట్రెవెజెల్ కూడా నాలుగు వందల మీటర్ల ఎత్తును మించదు. కానీ చదును కూడా లేదు. చిన్న చిన్న ఎత్తుపల్లాలు కలిసి మొత్తం ఎక్కుడు దాదాపు 12,000 మీటర్లు అవుతుంది. అందుకే విశాఖ నుంచి అరకు ఘాట్ ఒక్కసారి ఎక్కడం గొప్ప సాధనే అయినా, వికారాబాద్ అనంతగిరి దారుల్లో ఎక్కుతూ దిగుతూ రోజంతా తిరగడం ఈ యాత్రకు ఎక్కువ పనికొస్తుంది. అక్కడ, సామాను కట్టుకుని తొక్కినప్పుడు వచ్చిన వేగమే నమ్మదగినది. చలి విషయంలో డిసెంబరు, జనవరి నెలల్లో లంబసింగి వైపు ఒక రాత్రి తొక్కి చూడవచ్చు. బ్రిటనీ లోయల్లో ఆగస్టు రాత్రి కూడా 10 డిగ్రీల లోపుకు పడిపోతుంటుంది.

90 గంటల వైపు ఒక మంచి మాట కూడా ఉంది. వెళ్లేటప్పుడు పడమటి గాలి తరచుగా ఎదురు వస్తుంది. పెద్ద గుంపులో ఒకరి వెనుక ఒకరు తొక్కితే శ్రమ తగ్గుతుంది. 84 గంటల వారు తక్కువమంది కనుక ఆ సాయం అంతగా దొరకదు, ఎక్కువసేపు ఒంటరిగా తొక్కాలి. కానీ చీకటిలో, తెలియని మనుషుల చక్రానికి అంగుళాల దూరంలో తొక్కే అలవాటు మనలో ఎంతమందికి ఉంది? పగటిపూట కూడా గుంపులో తొక్కి ఎరుగని వారు దీన్ని లాభంగా లెక్కించుకోకపోవడమే మంచిది. ఆలస్యంగా వచ్చే 84 గంటల వారికి కొన్ని చోట్ల తిండి తరిగిపోయి ఉండవచ్చన్నదీ నిజమే. శాకాహారులు ఏ గడువు ఎంచుకున్నా అన్నం, పాస్తా, సూపులతోనే నెట్టుకురావాలి కనుక జేబులో సొంత తిండి ఉంచుకోక తప్పదు.

80 గంటల గురించి ఎక్కువ చెప్పవలసిన పని లేదు. రద్దీకి ముందు ఉంటారు, బారులు ఉండవు, బల్లల మీద తిండి నిండుగా ఉంటుంది. కానీ ఆ సుఖమంతా నిద్ర దాదాపు మానుకోగలవారిది. ఎత్తుపల్లాల 600ను ముప్పై గంటల లోపు అలవోకగా ముగించేవారు తప్ప మిగిలినవారు దాని జోలికి వెళ్లకూడదని నా అభిప్రాయం.

అదే 600ను నాలుగు గంటల నిద్రతో సహా 36 గంటల్లోపు ముగించేవారు 84ను, 38 నుంచి 40 గంటల మధ్య ముగించేవారు 90ని ఎంచుకోవాలి. మధ్యలో ఉన్నవారు నిద్ర లేకపోతే తమకు ఏమవుతుందో చూసుకోవాలి: ఒక రాత్రి నిద్ర లేకున్నా తట్టుకుని, వేగం మాత్రం పెరగనివారు 90కి, వేగం ఉండి, నిద్ర లేకపోతే కుప్పకూలేవారు 84కు. 90 ఎంచుకున్నవారు కనీసం ఒక 400ను సాయంత్రం బయలుదేరి తొక్కి చూడాలి. అలాగే 90 అనగానే వెళ్లడానికి 45, రావడానికి 45 అని పంచుకోకూడదు. ప్రతి కంట్రోల్‌కూ విడిగా మూసివేత సమయం ఉంటుంది, వెళ్లే సగంలోనే వెసులుబాటు తక్కువ.

ఈ ఎంపికకు తొందరెందుకంటే, నమోదు యాత్ర జరిగే ఏడాది జనవరి నుంచే మొదలవుతుంది, అంతకుముందు ఏడాది ఎక్కువ దూరపు బ్రెవే తొక్కినవారికి ముందుగా అవకాశం దక్కుతుంది, బయలుదేరే గుంపును ఆ నమోదులోనే ఎంచుకోవాలి. అర్హత బ్రెవేలు అప్పటికి పూర్తయి ఉండవు. కనుక 2027కు వెళ్లదలచినవారు 2026లో తొక్కే 600లోనే తొక్కుడు వేగాన్నీ, ఆగిన సమయాన్నీ, పడుకున్న సమయాన్నీ విడివిడిగా రాసిపెట్టుకోవాలి. 90 గుంపుల్లో కోరుకున్న వేళ నిండిపోయి 84లోకి వెళ్లవలసి వచ్చినా కంగారు పడాలో, సంతోషించాలో ఆ మూడు అంకెలే చెబుతాయి.