ఫోల్డ్‌స్కోప్: డిగ్రీ బయాలజీ ల్యాబ్‌కి పనికొస్తుందా?

మైక్రోస్కోపు ఒకటి, చుట్టూ పదిమంది. చాలా డిగ్రీ కాలేజీల్లో ప్రాక్టికల్ ఇలాగే నడుస్తుంది. ముందున్న ఇద్దరు చూస్తారు, మిగతావాళ్లు పక్కవాళ్ల రికార్డు చూసి బొమ్మ దించేస్తారు. జవాబు ముందే తెలిసిన ప్రాక్టికల్‌కి అంతమాత్రం చాలు. ఎవరికీ జవాబు తెలియని ప్రశ్న విద్యార్థి చేతికివ్వాలంటే మాత్రం పరికరం వాళ్ల చేతికందేలా ఉండాలి. కాగితం మడిచి తయారుచేసే చిన్న మైక్రోస్కోపు ఫోల్డ్‌స్కోప్ అసలు విలువ అక్కడే ఉంది.

ఐఐటీ కాన్పూర్‌లో చదివి స్టాన్‌ఫర్డ్‌లో పనిచేస్తున్న మను ప్రకాశ్, ఆయన బృందం 2014లో దీని వివరాలు ప్రచురించారు. మడతపెట్టే గట్టి కాగితం, చిన్న గాజుపూసలాంటి లెన్స్, ఫోన్‌కి అతుక్కునే అయస్కాంతం, అంతే సరంజామా. 2.38 మిల్లీమీటర్ల లెన్స్ దాదాపు 140 రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది. 2 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) వివరం దాకా తెలుస్తుంది.

మొదటి గంట చిరాకు పెడుతుంది. ఎక్కువమంది బోల్తాపడేది స్లైడు దగ్గర. ఈ లెన్స్ ఫోకస్ దాని అంచు నుంచి అర మిల్లీమీటరు దూరంలోనే పడుతుంది. స్లైడు మందమే ఒక మిల్లీమీటరు. అందుకని స్లైడు మీద కప్పే పలుచని గాజుబిళ్ల, అంటే కవర్‌స్లిప్, లెన్స్ వైపే ఉండాలి. తిరగేసి పెడితే ఎంత జరిపినా మసకే. రెండో తలనొప్పి ఫోన్. రెండు మూడు కెమెరాలున్న ఫోన్లు దగ్గరి వస్తువు కనబడగానే తమంతట తామే వేరే కెమెరాకి మారిపోతాయి, బొమ్మ మాయమవుతుంది. ఆ సెట్టింగ్ ఆపేసి, జూమ్ ఒకేచోట ఉంచాలి. జూమ్ మారితే కొలతలన్నీ మారిపోతాయి.

దీంతో చక్కగా కుదిరే పని పత్రరంధ్రాల (ఆకు గాలి పీల్చే సూక్ష్మరంధ్రాలు) లెక్క. వాహనాల పొగ తగిలే రోడ్డుపక్క కానుగ ఆకుల్లో, క్యాంపస్ లోపలి కానుగ ఆకుల్లో పత్రరంధ్రాలు సమానంగా ఉన్నాయా? ఆకు అడుగువైపు రంగులేని నెయిల్ పాలిష్ పలుచగా పూసి, 15 నిమిషాలు ఆరనిచ్చి, సెల్లోటేపుతో ఒలిచి స్లైడుకి అంటించాలి. పాలిష్ మందమైతే బుడగలు, ఆరకముందే లాగితే చిరుగులు. జిల్లేడులాంటి మైనపు పొడి, నూగు ఉన్న ఆకులతో ముద్ర సరిగా రాదు. ల్యాబ్‌లో స్టేజ్ మైక్రోమీటర్ (సన్నటి కొలత గీతలున్న స్లైడు) ఉంటే అదే జూమ్‌లో ఒక్క ఫోటో తీస్తే చాలు, స్కేలు తయారు. లెన్స్ అంచుల్లో బొమ్మ వంగుతుంది కాబట్టి మధ్యలో 0.3 మిల్లీమీటర్ల భుజమున్న చదరమే లెక్కకు తీసుకోవాలి. అందులో 18 రంధ్రాలుంటే చదరపు మిల్లీమీటరుకి 200. చదరం పై గీతకీ ఎడమ గీతకీ తగిలినవి కలుపుకోవాలి, మిగతా రెండు గీతల మీదవి వదిలేయాలి.

పాఠ్యపుస్తకం నేర్పని పాఠం ఇక్కడ మొదలవుతుంది. ఒక్కోచోట 5 చెట్లు, చెట్టుకి 3 ఆకులు, ఆకుకి 3 ఫోటోలు తీస్తే 45 ఫోటోలవుతాయి. కానీ నమూనాలు 45 కావు, ఐదే. ఒకే చెట్టు ఆకులు అన్నదమ్ముల్లాంటివి, విడివిడి సాక్ష్యాలు కావు. పైగా ఎండ తగిలే ఆకుల్లో రంధ్రాలు సాధారణంగా ఎక్కువ. రోడ్డుపక్క చెట్లకి ఎండ ఎక్కువైతే పొగ ప్రభావమనుకున్నది నిజానికి ఎండ ప్రభావం కావచ్చు. రెండుచోట్లా ఒకే ఎత్తులో, నీడపట్టున ఉన్న ఆకులే కోయాలి. ఫోటో ఏ చెట్టుదో తెలియకుండా ఇద్దరు విడిగా లెక్కపెట్టాలి. ఇద్దరి అంకెలూ కలవకపోతే ఏది రంధ్రమో ముందు ఒప్పందానికి రావాలి. ఈ వాదులాట జరిగిన ప్రాక్టికల్ విలువ రికార్డులో పది బొమ్మలకన్నా ఎక్కువ.

చెరువునీటిలో పారామీషియం, నాచుపోగులు, పుప్పొడి బాగా కనిపిస్తాయి. ఉల్లివేరు కొసలో కణవిభజన దశలు పోల్చుకోవచ్చు, 16 క్రోమోజోములు లెక్కపెట్టడం మాత్రం అత్యాశ. బ్యాక్టీరియా, వాటికి రంగువేసి రకం గుర్తించే గ్రామ్ స్టెయిన్ ఊసే వద్దు, వాటికి ఆయిల్ ఇమ్మర్షన్ (లెన్స్‌కీ స్లైడుకీ మధ్య నూనెచుక్క వేసి చూసే పద్ధతి) ఉన్న మైక్రోస్కోపు కావలసిందే. కాబట్టి పాత మైక్రోస్కోపుల బదులు ఇవి చాలనుకుంటే పొరపాటే.

కొనేటప్పుడు ఇద్దరికి ఒకటి చొప్పున లెక్కేసుకుని, రెండు మూడు అదనంగా తెప్పించుకోండి. మడతల దగ్గర వదులైతే ఫోకస్ జారిపోతుంటుంది. కవర్‌స్లిప్పులు మాత్రం అనుకున్నదానికి రెట్టింపు తీసుకోండి, మొదటివారంలోనే సగం పగులుతాయి.