పెళ్లి వీడియో క్యాసెట్లు కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి డీవీ ఫార్మాటే మేలు: పదేళ్లుగా వాడి చెబుతున్నా

మాది వైజాగ్, గాజువాక. 2014లో హుద్‌హుద్ గాలివానకి మేడ మీది గదిలోకి నీళ్లొచ్చి అమ్మానాన్నల పెళ్లి క్యాసెట్ తడిసింది. ఆరాక చూస్తే టేపు అంచున తెల్లటి బూజు. దాన్ని శుభ్రం చేయించి కంప్యూటర్‌లోకి ఎక్కించడంతో మొదలై, ఇప్పటికి చుట్టాల క్యాసెట్లు నలభై దాటాయి.

మొదట కొన్నది చవక యూఎస్‌బీ క్యాప్చర్ పరికరం, అంటే వీసీఆర్ బొమ్మని కంప్యూటర్‌లోకి పంపేది. నేరుగా ఎంపెగ్-2లోకి, అంటే డీవీడీల్లో వాడే కుదించిన వీడియో ఫార్మాట్‌లోకి రికార్డు చేసేది, గంటకి 3 జీబీ లోపే. చోటు కలిసొచ్చిందని సంబరపడ్డాను. తీరా పెళ్లి సగానికి వచ్చేసరికి డోలు మీద పుల్ల పడేది ఒకప్పుడు, చప్పుడు వినిపించేది ఇంకొకప్పుడు! టేపు వణికిన చోటల్లా ఫ్రేములు జారిపోయాయి, ఆడియో మాత్రం ఆగలేదు. కట్ చేయబోతే ఇంకో తంటా. ఎంపెగ్-2లో పూర్తి బొమ్మ సాధారణంగా 12 ఫ్రేములకోసారి వస్తుంది, మిగతావి పక్కవాటి మీద ఆధారపడతాయి. జీలకర్ర-బెల్లం దగ్గర కట్ చేసి, రంగు కాస్త సరిచేసి మళ్లీ ఎన్‌కోడ్ చేస్తే, అంటే ఇంకోసారి కుదిస్తే, అమ్మ ముఖం గళ్లు గళ్లుగా వచ్చింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తర్వాత సెకండ్ హ్యాండ్‌లో డిజిటల్8 క్యామ్‌కార్డర్ (బొమ్మని డీవీగా మార్చే పాత వీడియో కెమెరా) దొరికింది. వీసీఆర్ నుంచి అందులోకి, అందులోంచి ఫైర్‌వైర్ అనే డేటా కేబుల్‌తో కంప్యూటర్‌లోకి. వచ్చేది డీవీ (డిజిటల్ వీడియో) ఫార్మాట్‌లో ఏవీఐ ఫైలు: 720 బై 576, సెకనుకి 25 ఫ్రేములు, గంటకి దాదాపు 13 జీబీ. ఏ ఫ్రేముకి ఆ ఫ్రేమే పూర్తిగా ఉంటుంది కాబట్టి ఎక్కడ కోసినా బొమ్మ చెదరదు. డోలూ చప్పుడూ కలిసే నడిచాయి. లోపం లేదనను: రంగు వివరం తగ్గుతుంది, మధుపర్కాల ఎర్ర అంచు కాస్త మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. నాణ్యత అసలు తగ్గకుండా కుదించే హఫ్‌వైయూవీ ఫార్మాట్ కూడా వాడి చూశాను. హార్డ్ డిస్క్ ఇట్టే నిండిపోయింది, వీహెచ్ఎస్ బొమ్మలో నా కంటికి పెద్ద తేడా ఆనలేదు.

ఎడిటింగ్ అయ్యాకే ఎంపెగ్-2లోకి మార్చి డీవీడీ డిస్క్ రాస్తాను. ఇక్కడ ఒక్కటి మరవొద్దు. ప్రతి ఫ్రేమూ రెండు ఫీల్డులుగా, అంటే ఒకటి విడిచి ఒకటి గీతలున్న రెండు సగాలుగా ఉంటుంది. డీవీలో కింది ఫీల్డ్ ముందు వస్తుంది, ఎన్‌కోడర్‌లోనూ (ఎంపెగ్-2లోకి మార్చే సాఫ్ట్‌వేర్) అదే పెట్టాలి. తారుమారైతే తలంబ్రాలు పోసే చేయి ముందుకీ వెనక్కీ కొట్టుకుంటుంది. 4.7 జీబీ డిస్క్‌లో గంటన్నర వీడియోకి 6 ఎంబీపీఎస్ (సెకనుకి 6 మెగాబిట్లు) హాయిగా సరిపోతుంది. గంటన్నరకి మించి కుక్కితే తలంబ్రాల గింజలు మసక ముద్దవుతాయి.

కత్తెర పెట్టే పనే లేకపోతే, టేపు కూడా బాగుంటే నేరుగా ఎంపెగ్-2 చాలు, 8 ఎంబీపీఎస్‌లో. కానీ డీవీ ఫైలు నేను చెరపను, రెండు హార్డ్ డిస్కుల్లో దాస్తాను. మొన్న పిన్ని తన పెళ్లి ఫోన్లో కావాలంది. డిస్క్ జోలికి పోకుండా ఆ డీవీ నుంచే ఎంపీ4 చేసి పంపాను. అప్పగింతల దగ్గర తాతయ్య కళ్లు తుడుచుకోవడం కూడా స్పష్టంగా కనిపించిందట.