యానిమేషన్ వెబ్‌సైట్ చేయించుకునేవాళ్లు మిగతా డబ్బు ఇచ్చేముందు ఇది చదవండి

బ్రౌజర్ సెక్యూరిటీ వార్నింగ్ చూపిస్తుంటే "అదేం కాదండీ, అలో కొట్టమనండి" అనే డిజైనర్‌కి దయచేసి పూర్తి డబ్బు ఇవ్వకండి.

మా చెల్లెలు కూచిపూడి నేర్పుతుంది. తన కోసం ఒక సైట్ చేయించాం, తెరవగానే గజ్జెలు కదిలే యానిమేషన్‌తో. డిజైనర్ తన ల్యాప్‌టాప్‌లో చూపిస్తే ముచ్చటేసింది. డబ్బు ముట్టాక సైట్ పెట్టాడు. గజ్జెలు ఉండాల్సిన చోట ఖాళీ, పైన క్రోమ్ వార్నింగ్. అడిగితే, చూసేవాళ్లనే సెట్టింగ్స్‌లోకి వెళ్లి 'ఇన్‌సెక్యూర్ కంటెంట్'కి అలో పెట్టుకోమనమన్నాడు. పిల్లల్ని నాట్యానికి పంపే తల్లిదండ్రులకి ఆ మాట ఎలా చెబుతాం? తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు.

అసలు సంగతి వేరొకరు చూసి చెప్పారు. పేజీ హెచ్‌టీటీపీఎస్‌లో, అంటే దారిలో ఎవరూ మార్చలేని సురక్షిత లింకుతో వస్తోంది, యానిమేషన్ ఆడించే స్క్రిప్ట్ (కోడ్ ఫైల్) మాత్రం ఎక్కడో వేరే సర్వర్ నుంచి, ఎస్ లేని పాత హెచ్‌టీటీపీ లింకుతో వస్తోంది. అలా వచ్చే ఫైల్‌ని దారిలో ఎవరైనా మార్చేయొచ్చు. స్క్రిప్ట్ మారితే పేజీ మొత్తం వాళ్ల చేతిలోకి పోతుంది, అందుకే క్రోమ్ దాన్ని ఆపేస్తుంది. డిజైనర్ ల్యాప్‌టాప్‌లో పేజీ కూడా ఎస్ లేకుండానే తెరుచుకుంది కాబట్టి అక్కడ ఆడింది. ఆ ఫైల్‌ని మా హోస్టింగ్‌లోనే, అంటే సైట్ ఫైళ్లు ఉండే మా సర్వర్‌లోనే పెట్టించాం, వార్నింగ్ పోయింది.

లింకులో ఎస్ ఉన్నంత మాత్రాన కూడా సరిపోదు. 2024 అక్టోబర్ చివర్లో, యానిమేషన్లకి చాలామంది వాడే లాటీ ప్లేయర్‌లోకి దొంగ కోడ్ ఎక్కించారు. 2.0.5, 2.0.6, 2.0.7 వెర్షన్లు పాడయ్యాయి. ఎప్పటికప్పుడు కొత్త వెర్షన్ దానంతటదే వచ్చేలా లింక్ పెట్టుకున్న సైట్లలో, క్రిప్టో వాలెట్ (బిట్‌కాయిన్ లాంటివి దాచుకునే ఖాతా) కలపమంటూ పాపప్‌లు వచ్చాయి. సైట్ యజమానులు ఏమీ ముట్టుకోలేదు పాపం. అందుకే వెర్షన్ నంబర్ కచ్చితంగా రాయించండి, లేదా ఫైల్ మీ దగ్గరే పెట్టించండి.

ఫ్లాష్ (అడోబీ వాళ్ల పాత యానిమేషన్ సాఫ్ట్‌వేర్) టెంప్లేట్లు ఎవరైనా అమ్మజూపితే అసలే వద్దు. 2021 జనవరి 12 నుంచి వాటిని అడోబీయే ఆడనివ్వడం లేదు. ఇప్పుడు 'ఫ్లాష్ అప్‌డేట్ చేయండి' అని అడిగే పేజీ ఏదైనా మోసమే.

చివరి వాయిదా ఇచ్చేముందు సైట్‌ని మీ ఫోన్‌లో, మొబైల్ డేటా మీద తెరిచి చూడండి. డొమైన్ (సైట్ అడ్రస్), హోస్టింగ్ మీ పేరు మీదే ఉండాలి. లింకులో ఆ ఎస్ రావడానికి కావాల్సిన సర్టిఫికెట్ లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ నుంచి ఉచితంగా వస్తుంది. దానికి ఏటా విడిగా డబ్బు కావాలంటే, దేనికో రాసిమ్మనండి.