ఎర్రగుడి అశోకుని బండలు: చుట్టూ తిరిగితేనే కనబడే చోటు

గుత్తి నుంచి పత్తికొండ వైపు 13 కిలోమీటర్లు పోతే ఎర్రగుడి వస్తుంది. గుత్తి అనంతపురం జిల్లా, ఎర్రగుడి కర్నూలు జిల్లా. ఈ కాస్త దూరంలోనే జిల్లా పొలిమేర దాటేస్తాం. ఊరి దగ్గరి గుట్టపైన ఆరు బండల మీద అశోకుని శాసనాలు చెక్కి ఉన్నాయి. పద్నాలుగు పెద్ద శాసనాలూ ఒకేచోట ఉన్నది దక్షిణాది మొత్తానికి ఇక్కడొక్కటే. వాటికి తోడు చిన్న శాసనం కూడా ఉంది. 1929లో అనూ ఘోష్ అనే భూగర్భ శాస్త్రవేత్త కంట పడేదాకా ఇవేమిటో బయటి లోకానికి తెలియదు.

చాలామంది పైకెక్కుతారు, మొదట కనబడిన బండ ముందు ఫోటో దిగుతారు, వచ్చిన దారినే దిగిపోతారు. పావుగంటలో అయిపోతుంది. తర్వాత "ఏముంది అక్కడ, రాళ్లే కదా" అంటారు. వాళ్లు చూసింది నిజంగానే రాళ్లు మాత్రమే. ఒక్కో బండ ఒక్కో దిక్కుకు తిరిగి ఉంటుంది, రాత ఒకే ముఖం మీద ఉండదు. ప్రతి బండకూ పూర్తిగా ఒక చుట్టు తిరిగి, గుట్టను కూడా చుట్టుకొని ఇంకో వైపునుంచి దిగేలా నడవాలి. అలా తీరిగ్గా చూస్తే గంటన్నర, రెండు గంటలు పడుతుంది. ఆ సమయం పెట్టగలిగితే రాయలసీమలో ఇంత చిన్న నడకకు ఇంత దక్కే చోటు ఇంకోటి లేదని గట్టిగా చెప్పొచ్చు.

అడవి నడక అనే ఆశతో మాత్రం పోవద్దు. ఇది నల్లమల కాదు. కంపచెట్లు, రేగుపొదలు, ఎండకు కాలే బండలు, అంతే. నీడ తక్కువ. ఏప్రిల్, మే నెలల్లో పది దాటాక రాతి మీద చెయ్యి పెట్టలేరు. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. మనిషికి రెండు లీటర్ల నీళ్లు గుత్తిలోనే తీసుకోవాలి, గుట్ట దగ్గర కొనుక్కుందాంలే అనుకోకూడదు. పొద్దున్నే గుత్తిలో ఉగ్గాని, బజ్జి తిని బయల్దేరితే సరిపోతుంది. రైల్లో వచ్చేవాళ్లకు గుత్తి జంక్షనే దగ్గర. అక్కడినుంచి పత్తికొండ బస్సు గానీ ఆటో గానీ పట్టుకోవాలి. తిరుగు బస్సు వేళ కండక్టరును ముందే అడిగి పెట్టుకోండి, లేకపోతే రోడ్డు మీద ఎండలో నిలబడాల్సి వస్తుంది. హవాయి చెప్పులు వద్దు, కంపముల్లు అట్టను దాటుకొని కాల్లోకి దిగుతుంది. అడుగు గట్టిగా ఉన్న బూట్లు కావాలి. వాన పడిన రోజు నున్నటి బండ మీద ఏ బూటూ ఆగదు, ఆ రోజు మానుకోవడమే మంచిది. రాళ్ల సందుల్లో చెయ్యి పెట్టడం, బండ కింద కూర్చోవడం ఏ కాలంలోనైనా తప్పే. పాములుంటాయి, తేళ్లుంటాయి. పైన తేనెపట్టు కనబడితే మాట్లాడకుండా పక్కకు తప్పుకోండి.

ఇక అసలు సంగతి వెలుతురు. ఎర్రగుడి నచ్చిందా లేదా అన్నది ముప్పాతిక వంతు దీని మీదే ఆధారపడుతుంది. అక్షరాల లోతు చాలా తక్కువ, పైగా ఇరవై రెండు వందల ఏళ్లకు పైగా ఎండా వానా తిన్నాయి. మనకు కనబడేది అక్షరం కాదు, ఆ గాడిలో పడే నీడ. పైకి తిరిగిన ముఖం మీద నడినెత్తి ఎండలో గాడి అడుగుదాకా వెలుతురు నిండిపోయి నీడ ఉండదు, బండ బోడిగా కనబడుతుంది. పొద్దున ఏడు, ఎనిమిది మధ్య, సాయంత్రం నాలుగున్నర తర్వాత ఎండ వాలుగా వస్తుంది, అది పక్కనుంచి రాసుకుంటూ పోయే ముఖాలు అప్పుడు తేటగా ఉంటాయి. ఒకే పూట పోయేవాళ్లు మిగతా ముఖాలకు టార్చి వాడాలి. సెల్‌ఫోను టార్చి చాలు, పట్టుకునే తీరే ముఖ్యం. రాతికి ఎదురుగా పెడితే మధ్యాహ్నపు ఎండతో సమానం. రాతికి పక్కగా, జానెడు దూరంలో, వెలుతురు రాతిని రాసుకుంటూ పోయేలా పట్టాలి. ఒకరు టార్చి పడితే ఇంకొకరు రెండడుగులు వెనక్కి నిలబడి చూడాలి. కెమెరా ఫ్లాష్ ఆపెయ్యండి.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. వెలుతురు ఏ దిక్కుగా పోతుందో ఆ దిక్కున ఉన్న గీతకు నీడ పడదు, దానికి అడ్డంగా ఉన్న గీతకే పడుతుంది. ఈ శాసనాలు చెక్కిన పాత లిపి బ్రాహ్మి. బ్రాహ్మిలో "క" అంటే కూడిక గుర్తు. టార్చి ఎడమనుంచి పట్టారనుకోండి, అడ్డగీత మాయమైపోతుంది, నిలువు గీత ఒక్కటే మిగులుతుంది. బ్రాహ్మిలో ఉత్త నిలువు గీత "ర". అంటే "క" కాస్తా "ర" అయిపోతుంది! "న" అంటే తలకిందులు చేసిన టీ ఆకారం, దాని అడుగు గీత కూడా ఇలాగే జారిపోతుంది. అందుకే ఒక్కో వరసకు కనీసం మూడు ఫోటోలు తియ్యండి: ఎడమనుంచి ఒకటి, పైనుంచి ఒకటి, మూలనుంచి ఒకటి. ఇంటికొచ్చి పక్కపక్కన పెట్టి చూస్తే సగం అనుమానాలు అక్కడే తీరిపోతాయి.

బ్రాహ్మి రాదు కదా అని వెనకాడక్కర్లేదు. ఏడెనిమిది అక్షరాలు పోస్టుకార్డంత కాగితం మీద గీసుకొని జేబులో పెట్టుకుంటే చాలు. ఉత్త సున్న "ఠ", మధ్యలో చుక్క ఉంటే "థ". చదరం "బ". ఇంటి కప్పులా రెండు గీతలు పైన కలిస్తే "గ". సున్నకు పైన నిలువు గీత ఉంటే "వ". మొదట వెతకాల్సిన మాట "దేవానంపియ", దేవతలకు ప్రియుడు అని రాజు తనను చెప్పుకునే బిరుదు. దాన్ని పట్టుకోవడం సులువు: సున్న మీద నిలువు గీత, ఆ గీత కొసన కుడివైపుకు చిన్న గీటు, ఇది "వా". దాని పక్కన తలకిందుల టీ, ఆ పక్కనే చుక్క, ఇది "నం". మన సున్నను అప్పట్లో చుక్కగా పెట్టేవాళ్లు. ఈ జంట ఒకసారి కంటికి చిక్కిందంటే ఆ తర్వాత బండ మీద చాలాచోట్ల అదే పిలుస్తుంది. పిల్లలు దీన్ని పెద్దవాళ్లకంటే ముందే పట్టేస్తారు.

చిన్న శాసనం దగ్గర ఎక్కువసేపు ఆగండి. దాని వరసలన్నీ ఒకే వైపు పోవు. కొన్ని ఎడమనుంచి కుడికి, కొన్ని కుడినుంచి ఎడమకు నడుస్తాయి. సేద్యగాడు సాలు కొసకు పోయి నాగలి మలుపుకున్నట్టు ఉంటుంది, కాకపోతే ఆ మలుపులు ఒక క్రమంలో రావు. అశోకుని శాసనాల్లో ఇలాంటి రాత ఇక్కడిదే. "దేవానంపియ" ఒక వరసలో దొరికి, కింది వరసలో ఏమీ అర్థం కాకపోతే, ఆ వరసను కుడినుంచి మొదలుపెట్టి చూడండి.

అందులో ఉన్న మాట మన ఊళ్లకు కొత్తదేమీ కాదు. రాజు రజ్జుకునికి ఆజ్ఞ ఇస్తాడు, రజ్జుకుడు భేరి మోగించి పల్లెజనానికి చెప్పాలి. తల్లిదండ్రుల మాట వినాలి, ప్రాణుల మీద దయ ఉండాలి, నిజం చెప్పాలి. మొన్నమొన్నటిదాకా మన ఊళ్లలో వేసిన దండోరా ఇదే కదా! రజ్జువు అంటే తాడు. రజ్జుకుడంటే తాడు పట్టి పొలాలు కొలిచే అధికారి అని పండితులు చెబుతారు. మూడో పెద్ద శాసనం ఈ రజ్జుకులను ఐదేళ్లకోసారి పర్యటనకు పొమ్మంటుంది. పొలం హద్దు చూసే మనిషే ధర్మం చాటే మనిషి కూడా అన్నమాట.

ఇవి హద్దు రాళ్లా అని అడిగేవాళ్లుంటారు. సర్వే రాయి లెక్కన కాదు. గుడి మాన్యాలకు వామన ముద్ర చెక్కి నాలుగు మూలలా నాటించిన రాళ్లు సీమలో ఉన్నాయి, గొడుగు, కమండలం పట్టిన పొట్టి వామనుడు, పైన సూర్యచంద్రులు, అవీ హద్దు రాళ్లంటే. ఎర్రగుడి బండలు ఆ కోవకు రావు. అయితే రెండో పెద్ద శాసనం రాజ్యానికి అవతల, అంచున ఉన్నవాళ్లను పేరుపేరునా చెబుతుంది: చోళులు, పాండ్యులు, సతియపుత్రులు, కేరళపుత్రులు, తామ్రపర్ణి (శ్రీలంక) దాకా. రాజ్యం దక్షిణపు అంచుకు దగ్గర్లో నిలబడి అవతలివాళ్ల పేర్లు చదువుతున్నామనే ఎరుకతో ఆ బండ ముందు నిలబడితే ఒళ్లు జలదరిస్తుంది. మనుషులకూ పశువులకూ మందుమొక్కలు, దారుల వెంట బావులు, చెట్లు అని చెప్పేది కూడా ఆ శాసనమే.

ఈ నేలకు కొలతతో ఉన్న సంబంధం అక్కడితో ఆగలేదు. నిజాం ఈస్టిండియా కంపెనీకి వదిలిపెట్టిన ఈ సీమ జిల్లాలకు, అంటే దత్త మండలాలకు, 1800 నుంచి 1807 దాకా ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో ఇక్కడి పొలాలను 33 అడుగుల గొలుసుతో కొలిపించాడు. ఆ గొలుసు చదరాలు నలభై అయితే ఎకరా. 1811లో సర్వే అధికారి లాంబ్టన్ దేశాన్ని త్రికోణాలుగా కొలిచే త్రికోణ సర్వే కోసం గుత్తి దగ్గర ఆధార రేఖ (లెక్కకు మొదలుగా నేల మీద కొలిచే గీత) కొలిచాడు. మన్రో 1827లో కలరాతో చనిపోయింది ఈ రోడ్డు అవతలి కొసన, పత్తికొండలో. తాడు, గొలుసు, త్రికోణం, మూడూ ఈ చుట్టుపక్కలే నడిచాయి. ఇది తెలిసి పోతే గుత్తి నుంచి ఎర్రగుడికి పోయే 13 కిలోమీటర్లు కూడా చూడాల్సినవే అవుతాయి.

చెయ్యకూడనివి కొన్ని గట్టిగా చెప్పాలి. అక్షరం కనబడటం లేదని సుద్దముక్కతో దిద్దొద్దు. సుద్ద గాడిలో నిండిపోతుంది, తర్వాత వచ్చేవాళ్లు చదివేది శిల్పి చెక్కినదాన్ని కాదు, దిద్దినవాడి ఊహను. నీళ్లు పొయ్యడం, నూనె పూయడం, కాగితం పెట్టి పెన్సిలు రుద్దడం, అన్నీ రాతి పైపొరను తినేసేవే. వేలితో తడమాలనిపిస్తుంది, అదీ వద్దు, చేతి చెమట రాతికి మంచిది కాదు. ఇది కేంద్ర రక్షణలో ఉన్న కట్టడం. రాతి మీద పేరు గీస్తే పురాతన కట్టడాల రక్షణకు తెచ్చిన 1958 చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు నిదానంగా రావచ్చు, ఇది గుత్తి కోటంత ఎక్కుడు కాదు. కాకపోతే బండల చుట్టూ తిరిగేచోట నేల ఎగుడుదిగుడుగా ఉంటుంది, చేతికర్ర ఉంటే మేలు. జూన్‌లో తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి, పగిడిరాయి చేలల్లో వజ్రాలు వెతికేవాళ్లతో ఈ ప్రాంతమంతా సందడిగా ఉంటుంది. ప్రశాంతంగా చదువుకోవాలంటే ఆ రోజులు వదిలెయ్యండి.

రోజంతా ఉంటే పొద్దున్నే ఎర్రగుడి, సాయంత్రం గుత్తి కోట. ఈ వరస మార్చొద్దు, మధ్యాహ్నం ఎర్రగుడికి చేరితే పైన చెప్పిన వెలుతురు చిక్కే మళ్లీ ఎదురవుతుంది. పత్తికొండ దగ్గరి రాజుల మందగిరిలో కూడా ఇదే చిన్న శాసనం ఇంకో ప్రతి ఉంది గానీ చాలా అరిగిపోయింది. ఎర్రగుడిలో కన్ను అలవాటయ్యాక పోతేనే అక్కడ నాలుగు అక్షరాలైనా పట్టుకోగలరు. దానికి టార్చి తప్పనిసరి, ఫోను చార్జింగు అక్కడిదాకా మిగుల్చుకోండి.