కాగితపు గుజ్జా, కొబ్బరి చిప్పా, పాత ఇనుమా: బొమ్మలకి ఏది మేలు?

గురువు లేకుండా బొమ్మలు చెయ్యాలనుకునేవాళ్లు ముందు పనిముట్ల గురించి అడుగుతారు. తేల్చుకోవాల్సింది సరుకు. ఒడిశాలోని మా బరంపురం వైపు ఊరికే దొరికేవి పాత పేపర్లు, కొబ్బరి చిప్పలు, తుక్కు ఇనుము. చెరువు మట్టీ ఉంది గానీ, కాల్చే వసతి లేకపోతే ఆ బొమ్మ ఒక వానాకాలం కూడా ఆగదు.

నా ఓటు పేపరుకే. సొంతంగా నేర్చుకునేవాడికి తప్పు దిద్దుకునే వీలుండాలి. ముక్కు వంకరగా వచ్చిందా, తడిపి గిల్లేసి మళ్లీ పెట్టుకోవచ్చు. చిప్పని రంపంతో కోశాక ఇక అంతే.

పేపర్ని కత్తెరతో కాకుండా చేత్తో చింపండి. చింపిన అంచున పీచు లేచి ఒకదాన్నొకటి పట్టుకుంటుంది. రాత్రంతా నానబెట్టి, ఉడికించి, రోట్లో దంచి, గుడ్డలో పిండాలి. మిక్సీ వాడితే పీచు తెగిపోతుంది, ఇంట్లో తిట్లు అదనం. ఒడియా పేపరా తెలుగు పేపరా అన్న పట్టింపు గుజ్జుకి లేదు. జిగురుకి ఉడికించిన మైదా చాలు, చింతగింజల పిండి అయితే ఇంకా గట్టిగా పడుతుంది. కొండపల్లిలో రంపపు పొట్టుతో కలిపి మక్కు, అంటే బొమ్మ ముక్కల్ని అతికే ముద్ద, చేసేది దాంతోనే. పూరీ దగ్గర రఘురాజపూర్‌లో పటచిత్రం గుడ్డకి సుద్దతో కలిపి పట్టించేదీ చింతగింజల జిగురే. ఆ రెండు ఊళ్లకీ మధ్యలో ఉన్న మనకి వేరే ఫెవికాల్ ఎందుకు?

పేపరుకి శత్రువు తేమ. 2013లో ఫైలిన్ తీరం దాటింది మన గోపాలపూర్ దగ్గరే. తుఫాను దాకా ఎందుకు, మామూలు ముసురుకే గోడకి ఆనించిన బొమ్మ బూజు పడుతుంది, చెదలు సరేసరి. అందుకని ఒక పొర పూర్తిగా ఎండాకే రెండోది వెయ్యాలి, చివర్లో వార్నిష్ కొట్టాలి. జిగురులో చిటికెడు మైలుతుత్తం కలిపితే పురుగు రాదు. అది విషం కాబట్టి వంటగిన్నె వాడొద్దు, పిల్లలకి అందనివ్వొద్దు.

కొబ్బరి చిప్పకి ఈ టెన్షన్ లేదు, ఏళ్ల తరబడి చెక్కుచెదరదు. గరుకు కాగితంతో నున్నగా రుద్ది కాస్త కొబ్బరినూనె రాస్తే ముదురు గోధుమ రంగు నిగనిగలాడుతుంది. కానీ వంపు దానిదే, మనది కాదు. తాబేలు, గుడ్లగూబ ఇట్టే వస్తాయి. మనిషి ముఖం కావాలంటే ముక్కలు కోసి అతకాలి, వంపు మీద వంపు ఆనదు కాబట్టి ఎంసీల్ (కలిపి పెడితే గట్టిపడే అతుకు ముద్ద) కావాలి. రుద్దేటప్పుడు లేచే పొడి ముక్కులోకి పోకుండా గుడ్డ కట్టుకోవాలి.

తుక్కు అనగానే అందరూ చెప్పేది చండీగఢ్ నేక్ చంద్ పేరు. రోడ్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేస్తూ, పగిలిన గాజులు, పింగాణీ ముక్కలతో ఆయన గుట్టుగా కట్టిన బొమ్మల తోట రాక్ గార్డెన్‌ని 1976లో జనానికి తెరిచారు. అయితే అక్కడ తుక్కుని పట్టి నిలబెట్టింది సిమెంటు, పైగా కావలసినంత జాగా. అద్దె ఇంట్లో రెండూ కుదరవు. మన ఉప్పుగాలికి ఇనుము తుప్పు పట్టకుండా ఉండదు. వెల్డింగ్ వాడికిచ్చే డబ్బులు వేరే. నేనైతే రాడ్లు కట్టే బైండింగ్ వైర్ వరకే ఇనుముని రానిస్తాను, అదీ పేపరు బొమ్మకి ఎముకల గూడుగా. ముందే ప్లాస్టిక్ టేపు చుట్టకపోతే తడి గుజ్జులోంచి తుప్పు మరక పైకి కమ్ముతుంది.

పేపరుకి ఇంకో లాభం, బరువుండదు. పెద్ద పులి ముఖం చేసినా తలకి తగిలించుకుని తిరగొచ్చు. రెండేళ్లకోసారి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్రలో వేషాలు కట్టే మా ఊరికి అది చిన్న విషయం కాదు.

అమ్మకానికైతే మాత్రం చిప్పే నయం. గోపాలపూర్ బీచ్‌కి వచ్చినవాళ్లు చిప్ప తాబేలుని చేతిలోకి తీసుకుని చూస్తారు, బేరమాడైనా కొంటారు. పేపరు బొమ్మని మెచ్చుకుని, ధర చెప్పగానే "పాత పేపరుకి ఇంతా!" అంటారు. బొమ్మల మీదే ఇల్లు గడవాలంటే వారంలో నాలుగు రోజులు చిప్పలకే ఇవ్వండి.