పుట్టినరోజుకి రింజాని: ఏ దారి, ఏ బస, ఎన్ని రాత్రులు

బెంగళూరు తెలుగువాళ్లలో కొండలెక్కే అలవాటున్న బృందాలకి పుట్టినరోజంటే మడివాళలో రాత్రి బస్సెక్కి, కుక్కేలో దిగి, కుమారపర్వతం ఎక్కి రావడమే. ముప్పయ్యో నలభయ్యో నిండే ఏడాది మాత్రం "ఈసారి అగ్నిపర్వతం" అన్న మాట లేస్తుంది. బెంగళూరు నుంచి బాలికి నేరుగా విమానం ఉంది కాబట్టి ఆ మాట చాలాసార్లు పక్క దీవి లొంబొక్‌లోని రింజాని దగ్గర తేలుతుంది. ఎత్తు 3,726 మీటర్లు, ఇండొనేసియా అగ్నిపర్వతాల్లో రెండోది. 1257లో సమలస్ అనే అగ్నిపర్వతం పేలి కుప్పకూలిన గుంటలోనే ఇప్పుడు సెగార అనక్ సరస్సు ఉంది. అందులోంచి లేచిన చిన్న అగ్నిపర్వతం బరుజరి 2015, 2016ల్లో కూడా బూడిద కక్కింది.

ముందు తేల్చుకోవాల్సింది రాత్రుల లెక్క. ఎక్కుడు మొదలయ్యే సెంబలూన్ ఊరు దాదాపు 1,150 మీటర్ల ఎత్తులో ఉంది, బిలం అంచు మీది మకాం 2,639లో. మొదటిరోజు ఎక్కుడు ఇంచుమించు కుక్కే నుంచి కుమారపర్వతం కొస దాకా ఎక్కినంత. చౌక ప్యాకేజీలు రెండోరోజు దగ్గరే మోసం చేస్తాయి. అర్ధరాత్రి దాటాక లేచి శిఖరానికి 1,087 మీటర్లు ఎక్కాలి, అంతా దిగాలి, సరస్సుకి మరో 600 పైచిలుకు దిగాలి, సాయంత్రానికి అవతల సెనారు ఊరి వైపు అంచుకి మళ్లీ అంతే ఎక్కాలి. ఒక్కరోజులో 1,700 మీటర్లకి పైగా ఎక్కుడు, అంతే దిగుడు. కేకు సంగతి దేవుడెరుగు, ఆ రాత్రి అన్నం ముద్ద కూడా దిగదు. రెండో రాత్రి సరస్సు ఒడ్డున పడుకుని మూడోరోజు తొరెయన్ లోయ గుండా దిగిపోయే దారి మేలు. సెనారు అంచు మళ్లీ ఎక్కే పని లేదు. కాకపోతే తొరెయన్ బాట సన్నం, వాన పడితే జారుడు. వాన సూచన ఉంటే నాలుగు రోజులు పెట్టుకుని సెనారు మీదుగానే రావాలి.

పుట్టినరోజు శిఖరం మీద పడేలా తేదీలు కుదుర్చుకుంటారు అందరూ. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. బెంగళూరులో పన్నెండు కొట్టి ఇంటినుంచి ఫోన్లు మొదలయ్యేసరికి అక్కడ రెండున్నర, అంటే తలదీపం వెలుగులో బూడిదలో కాళ్లీడ్చే వేళ. ఆ కొండ చివరి గంట గట్టి నేల కాదు, వదులు గులకరాళ్లు, బూడిద. రెండడుగులు వేస్తే ఒకటి వెనక్కి జారుతుంది. పక్కన నిట్టనిలువు లోయ. తెల్లారే వేళ గాలికి కొవ్వొత్తి నిలవదు. మా ఓటు రెండోరోజు సాయంత్రానికి: సరస్సు పక్కనే అయిక్ కలక్ వేడినీటి బుగ్గలున్నాయి, కాళ్లు నానబెట్టుకుని సున్నుండలు పంచుకోవచ్చు. కేకు ఈ ఎండకీ దుమ్ముకీ ఆగదు. బెలూన్లు, రంగుకాగితాలు తేవద్దు, కొండమీద చెత్త సమస్య ఇప్పటికే పెద్దది. తినుబండారాలు విమానాశ్రయంలో డిక్లేర్ చేయాలి.

బస విషయంలో సెంబలూన్‌కే మొగ్గు. చలి ఊరు, చుట్టూ తోటలు, సాదా హోమ్‌స్టేలు. వేడినీళ్లున్నాయా అని మాత్రం బుక్ చేసే ముందే అడగాలి. సెనారులో తిండికి ఎంపిక ఎక్కువ, సెందాంగ్ గిలే, తియు కెలెప్ జలపాతాలు నడిచేంత దూరంలోనే. అది దిగాక ఉండాల్సిన ఊరు. ముందురాత్రి సెనారులో పెట్టి తెల్లవారుజామున సెంబలూన్‌కి కారులో తోలే ఏర్పాటు ఒప్పుకుంటే నిద్ర పోయినట్టే.

ప్యాకేజీ ధర తేడా ఎక్కడినుంచి వస్తుందో చూడాలి. మోతగాళ్లు గుడారాలు, బియ్యం, నీళ్లు వెదురు కావడిలో వేసుకుని, చాలామంది మామూలు చెప్పులతోనే ఎక్కుతారు. ధర తగ్గిందంటే సాధారణంగా మోతగాళ్లు తగ్గారు, లేదా పరుపు పలచనైంది. నలుగురికి ఎందరు మోతగాళ్లు, స్లీపింగ్ బ్యాగు ఏ ఉష్ణోగ్రతకి, మరుగుదొడ్డి గుడారం ఉందా, ఈ మూడూ రాతలో తీసుకోండి. శిఖరం దగ్గర ఎండాకాలంలోనూ చలి సున్నాకి చేరువౌతుంది.

శాకాహారులకి చిక్కు రొయ్యల ముద్దతో. దాన్ని తెరాసి అంటారు, సంబల్ అనే మిరప పచ్చడిలో, కూరల్లో కనబడకుండా ఉంటుంది. "తన్‌పా తెరాసి, తన్‌పా ఇకన్" అని చెప్పాలి: తెరాసి వద్దు, చేప వద్దు అని. టెంపే (పులియబెట్టిన సోయా గింజల ముద్ద), టోఫు, అన్నం దొరుకుతాయి. కందిపొడి ఒక పొట్లం ఉంటే మూడుపూటలు గడిచిపోతాయి. అంచు మీది కోతులు జిప్పు వేయని సంచిని వదలవు.

సాధనకి నంది హిల్స్ మెట్లు చాలవు. ప్రయాణానికి నెల ముందు, దారి తెరిచి ఉంటే, కుమారపర్వతం పూర్తి బరువుతో ఎక్కి అదేరోజు దిగి చూడాలి. ఇక్కడ మోకాళ్లు పోయేది దిగేటప్పుడే. సెనారు అంచు నుంచి ఊరికి 2,000 మీటర్ల దిగుడు. బూటు అర సైజు పెద్దది, గోళ్లు కత్తిరించుకోవాలి, కంకర దూరకుండా గెయిటర్లు, బూడిదకి మాస్కు. కర్రలు చెక్-ఇన్ సామానులో, పవర్ బ్యాంకు చేతిసంచిలో. గ్యాసు డబ్బా రెండింట్లోనూ కుదరదు.

వానల వల్ల జనవరి నుంచి మార్చి దాకా బాటలు మూసేస్తారు. వీసా అక్కడ దిగాక 5 లక్షల ఇండొనేసియా రుపయా, 30 రోజులకి. బాలిలో అడుగుపెడితే పర్యాటక రుసుము మరో 1.5 లక్షలు. బీమాలో 4,000 మీటర్ల దాకా నడక ఉందో లేదో చదవాలి. 2025 జూన్‌లో శిఖరం దారిలో జారిపడిన పర్యాటకురాలిని చేరడానికి రక్షకులకి రోజులు పట్టింది, పొగమంచులో హెలికాప్టర్ పనిచేయదు. తిరుగుదారిలో జూలై, ఆగస్టు అలలకి బాలి స్పీడ్ బోట్లు రద్దవుతుంటాయి. దిగిన రోజే బెంగళూరు విమానం పెట్టుకోవద్దు. లొంబొక్‌లోని బాంగ్‌సల్ రేవు నుంచి దగ్గరే ఉన్న చిన్న దీవి గిలీ ఆయర్‌లో ఒక రాత్రి ఉంచుకుంటే పడవ తప్పినా విమానం తప్పదు.