ఆరేళ్లుగా వాడుతున్న 10×50 బైనాక్యులర్

2019 నవంబర్‌లో 7,500 రూపాయలు పెట్టి ఈ బైనాక్యులర్ కొన్నాను. మనసంతా టెలిస్కోప్ మీదే ఉండేది కానీ, అప్పటికి డబ్బు కుదరలేదు. రెండేళ్లకు టెలిస్కోప్ కూడా ఇంటికొచ్చింది. అయినా నెల్లూరులో రాత్రి అన్నం తిని మేడెక్కేటప్పుడు ఇవాళ్టికీ నా మెడలో వేలాడేది ఇదే. చుక్కలు చూడటం ఎలా మొదలుపెట్టాలని ఎవరడిగినా ముందు ఇది కొనమంటాను, దీంతోపాటే గట్టి ట్రైపాడ్ (మూడు కాళ్ల స్టాండు) కూడా కొనమంటాను.

పేరులో 10 అంటే పదింతలు దగ్గరగా చూపిస్తుందని, 50 అంటే ముందు అద్దం వెడల్పు 50 మిల్లీమీటర్లని. చీకట్లో మన కంటిపాప మహా అయితే 7 మిల్లీమీటర్లు తెరుచుకుంటుంది. ఆ లెక్కన ఒక్కో అద్దం కంటికన్నా దాదాపు 50 రెట్ల వెలుతురు పోగుచేస్తుంది. నా దాంట్లో ఒకేసారి ఆరున్నర డిగ్రీల ఆకాశం కనిపిస్తుంది, అంటే పదమూడు చందమామలు పక్కపక్కన పట్టేంత. కొనేటప్పుడు జూమ్ రకాల జోలికి పోకండి. వాటిలో చూపు ఇరుకు, వెలుతురు తక్కువ.

ఇక ట్రైపాడ్ సంగతి. బైనాక్యులర్ బరువు కిలోకి కాస్త తక్కువ. తల పైకెత్తి పట్టుకుంటే రెండు నిమిషాలకే చేతులు వణుకుతాయి, చుక్కలు పురుగుల్లా పాకుతాయి. రెండు గొట్టాల్ని కలిపే కీలుకి ముందువైపు చిన్న ప్లాస్టిక్ మూత ఉంటుంది. దాన్ని తిప్పి తీస్తే లోపల మరచుట్లు కనిపిస్తాయి. అక్కడ ఎల్ ఆకారపు అడాప్టర్ బిగించి స్టాండుకి ఎక్కించాలి. మొదటి ఏడాదంతా ఆ మూత ఎందుకుందో నాకు తెలియదు. బిగించిన మొదటి రాత్రే గురుగ్రహం పక్కన నాలుగు చందమామలు ఒకే వరుసలో నిలబడ్డాయి. 1610లో గెలీలియో చూసినవి అవే. 2020 డిసెంబర్ 21న గురుడు, శని డిగ్రీలో పదో వంతు దూరానికి వచ్చినప్పుడు, ఆ రెండూ గురుడి చందమామలతో సహా ఒకే చూపులో పట్టాయి. శని కొంచెం కోలగా ఉందని తెలిసింది, అంతే. వలయాలు చూడాలంటే టెలిస్కోప్ ఉండాల్సిందే.

మా నాయనమ్మకు శుక్లాల ఆపరేషన్ అయిన ఏడాది సంక్రాంతికి వెంకటగిరి వైపున్న మా ఊరెళ్లాం. వాకిట్లో స్టాండు పెట్టి, ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, కృత్తికల చుక్కల గుంపు వైపు తిప్పాను. ఆమెకు అది కృత్తిక కాదు, పిల్లలకోడి. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అబ్బయా, దీనికి ఇన్ని పిల్లలుండాయా! మేం ఆరే లెక్కపెట్టేవాళ్లం" అంది. వేలితో గాల్లో పొడుస్తూ ఇరవై దాకా లెక్కపెట్టి, మళ్లీ మొదటికొచ్చింది. నేను చెయ్యిపట్టి చూపించే పనే లేకుండా పోయింది.

నెల్లూరు మేడ మీద నుంచి ఓరియన్ నెబ్యులా అనే వాయువుల మేఘం మసక మరకలా కనిపిస్తుంది. పాలపుంత మాత్రం వెంకటగిరి వైపు మా ఊళ్లోనే. అమావాస్య దగ్గర్లో అక్కడి నుంచి ఆండ్రోమెడా గెలాక్సీ కూడా దొరుకుతుంది. 25 లక్షల కాంతి సంవత్సరాల దూరం నుంచి వచ్చిన వెలుతురు అది.

మా వైపు గాలిలోని తేమ దీనికి పెద్ద శత్రువు. తోలు సంచిలోనే పెట్టి బీరువాలో దాచాను. 2021 వానాకాలం తర్వాత తీసి చూస్తే ఎడమ గొట్టంలో సాలెగూడు లాంటి ఫంగస్. శుభ్రం చేయించాను. ఇంటికి తెచ్చి చూస్తే చందమామ రెండుగా కనిపించింది. లోపల వెలుతురును మళ్లించే గాజు దిమ్మెలు, అంటే ప్రిజమ్‌లు, కుదురు తప్పాయి. మళ్లీ మూడు వారాలు తిరిగితేగానీ సరిగ్గా కాలేదు. అప్పట్నుంచి గాలి చొరబడని డబ్బాలో, తేమ పీల్చే సిలికా జెల్ ప్యాకెట్లతో పెడుతున్నాను. గింజల రంగు మారగానే ప్యాకెట్లు మార్చేస్తాను. ఫంగస్ మళ్లీ రాలేదు.

ఫోటోల కోసమైతే దీన్ని కొనొద్దు. ఫోన్‌ని కంటి అద్దం దగ్గర పెట్టి చందమామ గుంటలు తీయొచ్చు, అవి బాగానే వస్తాయి. పాలపుంతకు మాత్రం ఫోన్‌నే నేరుగా ట్రైపాడ్‌కి బిగించి, టైమర్ పెట్టి తీస్తాను. 20 సెకన్లు దాటితే భూమి తిరుగుడుకి చుక్కలు గీతలవుతాయి.

రాకెట్ల దగ్గరికి వస్తే దీనికి సాటి లేదు. పరుగెత్తే రాకెట్‌ని టెలిస్కోప్ ఇరుకు చూపులో పట్టడం నావల్ల కాలేదు. 2023 జులై 14న చంద్రయాన్-3 కోసం సూళ్లూరుపేట దాటి పులికాట్ ఒడ్డున నిలబడ్డాం. మధ్యాహ్నం 2:35. మనకు శ్రీహరికోట తూర్పున ఉంటుంది, సూర్యుడు అప్పటికి వీపు వెనక్కి వాలాడు. పొద్దున ప్రయోగమైతే బైనాక్యులర్‌తో చాలా జాగ్రత్త. పొరపాటున సూర్యుడి వైపు తిరిగిందా, కన్ను పోతుంది. రాకెట్ లేచాక 50 సెకన్లకు చప్పుడు మా దాకా వచ్చింది. సెకనుకు 340 మీటర్ల లెక్కన 17 కిలోమీటర్లు. అందరూ చెవులు మూసుకుంటుంటే నేను కళ్లు కదపలేదు. రెండు నిమిషాలు దాటగానే పక్కల ఉన్న రెండు ఘన ఇంధన బూస్టర్లు విడిపోయి, రెండు నిప్పుచుక్కల్లా వెనకబడటం స్పష్టంగా చూశాను. అంతకుముందు ఒక ప్రయోగాన్ని మొత్తం ఫోన్ తెరలో చూస్తూ తీశాను. ఆ వీడియో ఇప్పటికీ ఉంది కానీ, ఆ రోజు రాకెట్‌ని చూసినట్టు నాకు గుర్తే లేదు.

2024 డిసెంబర్ 30న అంతరిక్షంలో ఒకదానితో ఒకటి జతకలిసే ప్రయోగం కోసం చేసిన స్పేడెక్స్ ఉపగ్రహాలతో పీఎస్ఎల్‌వీ రాకెట్ వెళ్లింది. రాత్రి 10 గంటలకు ఇంటి మేడ మీదే ఉన్నాం. ఆ వేళకి నెల్లూరు నుంచి అగస్త్య నక్షత్రం సరిగ్గా శ్రీహరికోట దిక్కునే ఉంటుంది. దాని కిందనుంచి నారింజ రంగు వెలుగు లేచి ఎడమకు ఒరుగుతూ పైకి సాగింది. దాదాపు రెండు నిమిషాలకు మొదటి దశ ఆరిపోగానే, "అయిపోయింది, పదండి" అంటూ పక్కింటివాళ్లు మెట్లు దిగబోయారు. బైనాక్యులర్‌లో రెండో దశ సన్నటి చుక్కగా ఇంకా వెళ్తూనే ఉంది. వాళ్లబ్బాయిని పిలిచి, పట్టీ మెడలో వేసి చూపించాను.

"అంకుల్, ఉంది... ఇంకా ఉంది... ఇంకా ఉంది" అంటూనే ఉన్నాడు.